మందుకి మందు

నా పర్సులో ఆధార్ కార్డు వెనకాల ఓ అట్టముక్క ఉంటుంది. మా అమ్మాయి లామినేషన్ చేయించి పెట్టింది. "ఈయన రోజూ నాల్‌ట్రెక్సోన్ 50 ఎంజీ వాడుతున్నారు. ట్రమడాల్, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు మామూలుగా పనిచేయవు" అని దాని మీద డాక్టరు గారి చేతిరాత. రేపు రోడ్డు మీద నాకేదన్నా అయితే, ఎత్తుకెళ్లేవాళ్లకు నా గురించి ముందు తెలిసే సంగతి ఇదే. ముప్పయ్యేళ్లుగా పద్య నాటకాలకు హార్మోనియం వాయిస్తున్నానని అందులో లేదు. కార్డు చేతికొచ్చిన రోజు కాస్త రోషం వచ్చిన మాట నిజం. తెనాలి చుట్టుపక్కల ఏ ఊరి తిరునాళ్లకెళ్లినా "మాస్టారొచ్చారు" అంటారు. ఇందులో నేను తాగుడు యావ తగ్గించే ఒక మాత్రని.

మన భాషలో ఇంకో తిరకాసు. సీసాలో ఉన్నదీ మందే, స్ట్రిప్పులో ఉన్నదీ మందే. మొదట్లో మా ఆవిడ వంటింట్లోంచి "మందు వేసుకున్నారా?" అని కేకేస్తే అటువైపు వాటాలో వాళ్లు కిటికీ తెరిచేవాళ్లు. ఇప్పుడు తను ఆ మాట మానేసింది. "మాత్ర వేసుకున్నారా" అంటుంది. రెండక్షరాల మార్పే.

1995 జనవరిలో ఎన్టీఆర్ మద్య నిషేధం పెట్టినప్పుడు నాకు పదిహేడేళ్లు. మొదటిసారి తాగింది ఆ నిషేధంలోనే, స్టేజీ వెనక, గురువుగారు మిగిల్చిన గ్లాసు. 97లో నిషేధం ఎత్తేసేనాటికి నాకు అలవాటయిపోయింది. నాటకాల వాళ్లకు తెల్లవార్లూ పని. రాత్రి పదింటికి మొదలైతే కాటి సీను వచ్చేసరికి రెండు దాటుతుంది. అప్పుడు గానీ నటుడు గొంతు విప్పడు, జనం వన్స్ మోర్ అనరు. ఆ వేళకి రెండు పెగ్గులు పడకపోతే రీడ్లు పలకవని మాలో ఒక నమ్మకం. నమ్మకమని ఇప్పుడంటున్నాను గానీ అప్పట్లో అది నాకు శ్రుతి ఎంత నిజమో అంత నిజం.

ఆరేళ్ల కిందట ఒక తిరునాళ్లలో, నాలుగో పద్యం మధ్యలో, ముఖమంతా నిప్పులు చెరిగినట్టు వేడెక్కింది. గుండె తబలా కంటే వేగంగా కొట్టుకుంటోంది. తల పగిలిపోతోంది. వాంతి వచ్చింది, అక్కడే, హార్మోనియం మెట్ల మీదే. తర్వాత నాకు గుర్తున్నది ఆసుపత్రి సీలింగు ఫ్యాను. మా ఆవిడ ఏడుస్తూ చెప్పింది. ఎవరో చెబితే డైసల్ఫిరామ్ మాత్రలు తెప్పించి, పొడి చేసి, ఐదు రోజులుగా మజ్జిగలో కలిపి ఇస్తోందట. అది ఒంట్లో ఉండగా చుక్క తాగినా ఆల్కహాలు పూర్తిగా అరగదు. మధ్యలో తయారయ్యే ఎసిటాల్డిహైడ్ అనే విషం పేరుకుపోతుంది. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా ప్రమాదమే. గుండె జబ్బున్నవాడైతే ప్రాణం పోవచ్చు. "రుచి తెలియదన్నారండీ" అంది. నిజమే, తెలియలేదు.

ఆ మందు కథ తర్వాత చదివాను. 1940ల్లో కోపెన్‌హాగన్‌లో హాల్డ్, యాకబ్సన్ అనే ఇద్దరు దాన్ని కడుపులో పురుగులకు పనికొస్తుందేమోనని చూస్తూ ముందు తామే మింగారు. ఆ మీదట కాస్త తాగేసరికి ఒళ్లు ఎర్రబడి, నలతచేసి, సంగతి బయటపడింది. మింగింది ఏమిటో వాళ్లకి తెలుసు. నాకు తెలియదు. మా ఆవిడ మీద కోపం అందుకే వచ్చింది, పడిపోయినందుకు కాదు. నా ఒంట్లో ఏం జరగాలో నాకు చెప్పకుండా ఎవరో నిర్ణయించారు. ఇంటికొచ్చాక ఆ కక్షతో ఇంకా ఎక్కువ తాగాను. తను చేసింది తప్పని ఇప్పటికీ అంటాను. పదిహేనేళ్లు నన్ను భరించినవాళ్లు ఏం చేసినా అనే హక్కు నాకుందా అంటే, అది వేరే సంగతి.

మానాలనుకున్నది ఆ తర్వాత మూడేళ్లకి. ఒక పొద్దున అమ్మాయి శ్రుతి పట్టమంది. తిత్తి ఆడుతోంది, వేళ్లు మాత్రం మెట్టు మీద నిలవడం లేదు. అప్పటికి పొద్దుటి చుక్క పడలేదు. ఆ రోజే సీసాలు పారబోసి వీరుడిలా కూచున్నాను. రెండో రోజు సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఇంట్లో కూచుని ఒక్కసారిగా ఆపకూడదని ఎవరన్నా ముందే చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇక్కడ చెబుతున్నాను. గుంటూరులో తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మళ్లీ ఫిట్స్ రాకుండా లిబ్రియం అనే మందు రోజురోజుకీ తగ్గిస్తూ ఇచ్చారు, థయామిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్లు చేశారు. మంచం పక్కన కూచుని అమ్మాయి ఫోనులో చదివి వినిపించింది. కేంద్రం తరఫున ఎయిమ్స్ వాళ్లు చేసిన సర్వే, 2019లో బయటికొచ్చింది. తాగుడుకి పూర్తిగా బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందట. ఆ ఒక్కణ్ని నేను. మిగతా ముప్పయ్యేడు మందిలో కొందరి పేర్లు నేను చెప్పగలను, మా ట్రూపు వ్యాను ఎక్కితే చాలు.

డాక్టరు గారు మూడు మందుల పేర్లు కాగితం మీద రాశారు. డైసల్ఫిరామ్ పేరు ఆయన రాస్తుండగానే కొట్టేయమన్నాను. రెండోది ఎకాంప్రోసేట్, రోజుకి ఆరు మాత్రలు, మూడు పూటలా రెండేసి. రాత్రి పగలు తేడా లేని వృత్తిలో ఆ లెక్క నావల్ల కాదు. మూడోది నాల్‌ట్రెక్సోన్, రోజుకొకటి, మధ్యమధ్య లివరు పరీక్ష. "బస్సులో సీటు మీద కర్చీఫ్ వేస్తారు చూడండి మాస్టారూ, అలాంటిది" అన్నారు. తాగినప్పుడు మెదడులో ఊరే ఎండార్ఫిన్లకు, అంటే హాయినిచ్చే రసాయనాలకు, కూచునే సీట్లుంటాయట. ఈ మాత్ర ముందే కర్చీఫ్ వేసి ఉంచుతుంది. తాగినా ఆ మజా రాదు, మెల్లగా యావ తగ్గుతుంది.

"అయ్యా, పద్యం వింటే ఒళ్లు ఝల్లుమంటుంది కదా, అదెక్కడ కూచుంటుంది?" అని అడిగాను.

ఆయన వెంటనే జవాబివ్వలేదు. మరుసటి రోజు వచ్చి చెప్పారు. 2017లో కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు కొద్దిమందికి ఇదే మాత్ర ఒక పూట ఇచ్చి, వాళ్లకిష్టమైన సంగీతం వినిపించి చూశారట. సంతోషం, దుఃఖం రెండూ కాస్త మందగించాయట. "ఒక పూట సంగతి అది. రోజూ వేసుకునే హార్మోనియం మాస్టారి సంగతి మీరే నాకు చెప్పాలి" అన్నారు. దాచకుండా చెప్పినందుకే ఆ మాత్ర తీసుకున్నాను.

మొదటి పదిరోజులు వికారం. తర్వాత నెలన్నర పాటు మోహన వాయించినా, హిందోళం వాయించినా ఒకటే. వేళ్లు పోవలసిన చోటికే పోయేవి, నేను మాత్రం పక్కన కూచుని చూస్తున్నట్టుండేది. మాత్ర వల్లా, ముప్పయ్యేళ్ల తర్వాత ఖాళీ అయిన ఒంటి వల్లా అంటే డాక్టరు గారు కూడా తేల్చలేదు. ఆ రోజుల్లోనే ఒక పని చేశాను. 2016లో ఎవరో తీసిన తిరునాళ్ల వీడియో ఫోనులో పెట్టుకుని విన్నాను. తాగి వాయించినది కదా, తప్పులు దొరుకుతాయి, కడుపు చల్లబడుతుందనుకున్నాను. కాలిపెట్టె హార్మోనియం పక్కన స్టీలు గ్లాసు కూడా కనిపిస్తోంది. తప్పు దొరకలేదు. నటుడు పై షడ్జమం మీద నిలబడితే హార్మోనియం ముందున్న ఆ పాత నేను, వాడు, కింద నుంచి ఎంత అణకువగా మోశాడో! మానినవాళ్ల కథల్లో పాత మనిషి ఎప్పుడూ దరిద్రుడే. నావాడు కాదు, బాగా వాయించాడు. వాడి మీద అసూయ పడ్డాను. వీడియో మంగళంతో ఆగిపోతుంది. ఆ రాత్రి ఇంటికెలా చేరానో, ఇచ్చిన పారితోషికం ఏమయిందో నాకిప్పటికీ తెలియదు.

వేళ్లు మాత్రం అవే. ఎడమ చిటికెన వేలు కాస్త ఆలస్యంగా లేస్తుంది, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

రెండో నెల చివర్లో ఒక పరిషత్తు. కొత్త కుర్రాడు, కేదారగౌళ ఎత్తుకున్నాడు, గొంతు జీర. రాగం చివర ఊపిరి చాలక అరక్షణం తడబడ్డాడు, నేను ఆ సందు పూడ్చాను. మెడ వెనక వెంట్రుకలు లేచాయి. మునుపటంత కాదు. కొంచెం ఆలస్యంగా, దూరం నుంచి వచ్చినట్టు. కానీ వచ్చింది. మర్నాడు డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పాను, ఆయన రాసుకున్నారు.

వారం వారం వెళ్లే తాగుడు మానినవాళ్ల మీటింగులో ఒక పెద్దాయన ఉన్నాడు. పదకొండేళ్లుగా చుక్క ముట్టనివాడు, నాకు గౌరవం. "మాత్ర మీద ఉన్నవాడు మానినవాడు కాదు తమ్ముడూ, వాయిదా వేసినవాడు" అన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. శ్రుతిపెట్టె పెట్టుకుని పాడేవాణ్ని చూసి పద్యం వీడిది కాదు, పెట్టెది అని ఎవరన్నా అంటారా? ఈ జవాబు తట్టేసరికి తెల్లవారింది, చెప్పడానికి ఆయన ఎదురుగా లేడు. పై వారం ఆయన టీ తాగే ముందు జేబులోంచి షుగరు మాత్ర తీసి వేసుకుంటుంటే చూశాను. ఏమీ అనలేదు. ఆయనే నవ్వాడు.

ఎన్నాళ్లు వాడాలన్నది మొన్న డాక్టరు గారిని అడిగాను. రెండేళ్ల నాలుగు నెలలయింది, లివరు బాగుంది. ఆపి చూద్దామా అన్నారు. తిరునాళ్ల సీజను అయ్యాక చెబుతానన్నాను. స్ట్రిప్పు హార్మోనియం పెట్టెలోనే ఉంటుంది, రీడ్లు తుడిచే గుడ్డ పక్కన. రాత్రి మేకప్పులు మొదలయ్యే వేళకి అందరూ చూస్తుండగానే వేసుకుంటాను. మొన్న తబలా తమ్ముడు చాటుగా వచ్చి ఆ మాత్ర పేరేమిటన్నాడు. పేరు చెప్పలేదు, డాక్టరు గారి నంబరిచ్చాను.

ఇంట్లో మజ్జిగ మాత్రం ఇంకా నేనే చేసుకుంటున్నాను. మా ఆవిడ అడగదు, నేనూ ఎందుకో చెప్పను. రాత్రి అన్నం వడ్డించాక పెరుగు గిన్నె, ఉప్పు డబ్బా, కవ్వం నా పక్కన పెట్టి లోపలికి వెళ్తుంది.