కార్డులొచ్చిన ఏడాది

చెన్నై చాకలిపేట తెలుగు బడిలో మన బ్యాచ్ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు చదవడమంటే అందరూ కలిసి అరవడమే. టీచరు ఒక వాక్యం చెబితే తరగతి తరగతంతా దాన్నే తిరిగి అనేది. పుస్తకం తెరవకపోయినా పాఠం ఒప్పజెప్పేవాళ్లం. ఎవరికి అక్షరాలు వచ్చో, ఎవరికి రాలేదో ఆ హోరులో తెలిసేది కాదు.

రెండో తరగతిలో, ఎవరికి వాళ్లు తీసుకుని నేర్చుకునే చిన్న చిన్న పాఠాల కార్డులొచ్చాయి. చెన్నై కార్పొరేషన్ 2003లో కొన్ని బడుల్లో మొదలుపెట్టిన ఈ పద్ధతికి మూలం మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాకేంద్రం. అక్కడి పల్లె బడుల్లో తెలుగు పిల్లల కోసం పుట్టిన పద్ధతి మన చాకలిపేట దాకా వచ్చిందని పెద్దయ్యాక తెలిసి చాలా గర్వపడ్డాను.

బెంచీలు పోయి చాపలు వచ్చాయి. గోడ కింది భాగంలో మన ఎత్తుకు నల్లబల్లలు కట్టించారు. నిచ్చెన బొమ్మ పటంలో మనం ఏ మెట్టు మీద ఉన్నామో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు మనమే తీసుకోవాలి. వేర్వేరు తరగతుల పిల్లలం కలిసి కూర్చునేవాళ్లం. అంతవరకూ నోరు తెరవని పిల్లాడొకడు, పక్కనున్న మూడో తరగతి అక్క వేలు పెట్టి చూపిస్తుంటే, 'పలక' అని తనంతట తాను చదివాడు. టీచరు వాడి పక్కనే చాప మీద కూర్చుని మళ్లీ చదివించుకుంది. ఎవరి వంతు వాళ్లకు దక్కడమే ఆ మార్పులో గొప్పతనమని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే కార్డు మీద ఉండేది నాలుగు ముక్కలే. కథలో పడి కొట్టుకుపోయే సుఖం అందులో లేదు. ఆ లోటు మన టీచరుకు తెలుసు. ఇంట్లోంచి పాత చందమామలు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టేది. 1947లో ఈ మద్రాసులోనే పుట్టిన పత్రిక అది. కార్డు పూర్తయినవాళ్లు అక్కడికి పరుగెత్తేవాళ్లు.

తమిళనాడు 2006లో చేసిన చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరైంది. తమిళం మనకు కావాలి, ఈ ఊళ్లో అది లేకుండా బతుకు లేదు. కానీ మాతృభాష ఐచ్ఛికాంశంగా మిగిలింది. మా తమ్ముడు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటాడు. మాట వచ్చిన భాషలో చదువు కుదురుకుంటే రెండోది తేలికవుతుంది. ఆ వరుస తప్పించడం చిన్నపిల్లలకు అన్యాయం.

2022లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన 'ఎణ్ణుమ్ ఎళుత్తుమ్' (అంకెలూ అక్షరాలూ) పథకంలోనూ పిల్లల్ని అరుంబు, మొట్టు, మలర్ (చిరుమొగ్గ, మొగ్గ, పువ్వు) అని స్థాయిని బట్టి కూర్చోబెట్టారు. మంచిదే. ఎన్ని పద్ధతులు మారినా, చదవడం వచ్చిన పిల్లకు చదువుకోవడానికి ఏదో ఒకటి చేతికి అందాలి కదా! ఈ జూన్‌లో బడి తెరిచేలోగా మన బ్యాచ్ తరఫున ఒక అల్మారా, దాని నిండా తెలుగు కథల పుస్తకాలు ఇద్దాం. దానికి తాళం మాత్రం వద్దు.