దవడ జారిన రాత్రి

"మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగిన నోరు గిట్లనే ఉంటదమ్మా, దీనికి ఏం జేస్తం?"

నల్లగొండలో ఒక పళ్ల డాక్టరు అన్న మాట ఇది. నావి గార పళ్లే, కాదనను. కానీ ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ చిన్నతనంలో, పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పైపూతను చెడగొడుతుంది. బ్రష్ తగలగానే నెత్తురు కారడం, ఆవులిస్తే దవడ కీలు టక్కుమనడం దానివల్ల కాదు. ఆ ఒక్క మాట వెనుక నా అసలు జబ్బు ఏళ్లకేళ్లు దాగింది. ఇప్పటికీ కడుపు మండుతది.

ఆయనే జ్ఞానదంతం తీశాడు. నలభై నిమిషాలు నోరు మూయనియ్యలేదు. సగంలోనే తిమ్మిరి దిగిపోయి చెయ్యెత్తితే, "సూది ఇచ్చినం గదా, అంత భయమేంది?" అన్నాడు.

ఆ రాత్రి పదకొండింటికి ఆవులింత వచ్చింది. తెరిచిన నోరు మూతపడలేదు. చెవుల ముందు సొట్ట పడ్డది, చొంగ రొమ్ము మీదికి కారుతున్నది, మాట రాదు. అమ్మ పక్షవాతమనుకొని చెర్వుగట్టు రామలింగేశ్వరునికి మొక్కుతూ ఏడ్చింది. జీపు మాట్లాడుకొని నల్లగొండ చేరేసరికి రెండయింది. దారి పొడుగునా గతుకు గతుకుకూ నేను చూసిన నరకం చెప్పలేను.

డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ రెండు బొటనవేళ్లకూ గాజుగుడ్డ చుట్టుకొని, కింది దవడ పళ్ల మీద పెట్టి, ముందు కిందికి అదిమి తర్వాత వెనక్కి నెట్టింది. దవడ కూర్చుంది. ఆమె అక్కడితో ఆగలేదు. నా బొటనవేలు వంచి చూస్తే ముంజేతికి తాకింది. "చిన్నప్పటి నుంచి ఇట్లనేనా అక్కా?" అని అడిగింది. అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. ఆ తల్లి చల్లగుండాలె.

హైదరాబాదులో తేల్చారు: ఎహ్లర్స్ డాన్లోస్. ఒంట్లో కీళ్లను, చర్మాన్ని, చిగుళ్లను పట్టి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బు. నాది కీళ్లు వదులుగా ఉండే రకం. దీనికి జన్యు పరీక్ష లేదు. 2017 నాటి ప్రమాణాల ప్రకారం ఒళ్లు, వంశం చూసి తేలుస్తారు.

ఇట్లాంటివాళ్లు కుర్చీ ఎక్కకముందే డాక్టరుకు చెప్పాల్సినవి ఉన్నాయి. తిమ్మిరి సూది మనకు తక్కువ పట్టొచ్చు, తొందరగా దిగొచ్చు. పట్టిందో లేదో చూసే మొదలుపెట్టమనాలి. పళ్ల మధ్య రబ్బరు దిమ్మె పెట్టించుకోవాలి, గదువ కింద ఒకరు చెయ్యి ఆనించాలి, పది నిమిషాలకోసారి నోరు మూయనివ్వాలి. చిగురు పలుచన కాబట్టి బిగలాగిన కుట్లు కోసుకుపోతాయి. లాగకుండా వేసి, మామూలు కంటే ఎక్కువ రోజులు ఉంచాలి. పళ్లకు తీగలు వేయించుకుంటే పళ్లు తొందరగా కదులుతాయి, తీశాక అంతే తొందరగా వెనక్కి పోతాయి. మార్ఫాన్ అనే, ఇట్లాంటిదే ఇంకో కణజాల జబ్బు ఉండి గుండె కవాటం మార్చుకున్నవాళ్లకు పన్ను తీసేముందు యాంటీబయాటిక్ తప్పనిసరి.

వేపపుల్ల నేను మానేశాను, మెత్తటి బ్రష్షే. దవడ కూర్చున్న కొత్తలో గట్క, పప్పు. జొన్నరొట్టె నానబెట్టే తిన్నాను. చెరుకు, మక్కకంకి కొరకడం లేదు. ఆవులింతొస్తే గదువ కింద పిడికిలి పెట్టుకుంటాను.

మా చెల్లె బిడ్డ నాలుకతో ముక్కుకొస అందుకుంటది. ఈ జబ్బున్నవాళ్లలో అది ఎక్కువట. మొన్న దాని పన్ను తీస్తుంటే గదువ కింద చెయ్యి నాదే.