గోనెగుడ్డ వీపు మళ్లీ విచ్చుకుంది

గోనెగుడ్డ పొరలకి జిగురు పట్టించి, అచ్చు మీద ఆరబెట్టి మనిషి వీపు శిల్పం చేస్తున్నాను. అచ్చు మీంచి తీసినప్పుడు చాలా బాగుంది. భుజాల వంపు, వెన్ను మధ్య గాడి, నడుము దగ్గర ముడతలు, అన్నీ అనుకున్నట్టే వచ్చాయి. మర్నాటికి అడుగు అంచు విచ్చుకోవడం మొదలైంది, వారం తిరిగేసరికి వీపు కాస్తా చేటలా తయారైంది. ఇంతకుముందు చేసినవాటితోనూ ఇదే గొడవ, అందుకే ఈసారి జిగురుని తిట్టుకుని ఊరుకోకుండా టేపు, తూకం పెట్టుకుని కూర్చున్నాను.

ఈ పిచ్చి ఎక్కించింది పోలండ్ శిల్పి మగ్దలేనా అబకనోవిచ్. 1976–80 మధ్య గోనెగుడ్డ, రెజిన్ (ఆరితే ప్లాస్టిక్‌లా గట్టిపడే ద్రవం)తో ఆవిడ చేసిన ‘బ్యాక్స్’లో తలలు లేని, లోపల డొల్లగా ఉన్న 80 వీపులున్నాయి. నాకు ఒక్కటి నిలబడితే చాలు. రెజిన్ మాత్రం వాడను, ఆ వాసన, గ్లవ్స్, మాస్కు, పైగా ఆరాక వచ్చే ప్లాస్టిక్ మెరుపు, నాకు పడవు. కాబట్టి ఫెవికాల్ లాంటి తెల్ల పీవీఏ జిగురే, రెండు పాళ్లకి ఒక పాలు నీళ్లు, మూడు పొరల గుడ్డ, 48 గంటలు అచ్చు మీదే.

అడుగు అంచు దగ్గర కొలతలు ఇవీ. తీసిన వెంటనే వెడల్పు 40 సెం.మీ., లోతు 17. మర్నాడు 46, 14.5. వారానికి 51, 11. భుజాల దగ్గర మాత్రం తేడా సెంటీమీటరు కూడా లేదు. అంచు వెంబడి టేపు ఆనించి కొలిస్తే మొదటిరోజూ 57, వారం తర్వాతా 57. అంటే గుడ్డ సాగలేదు, వంపు ఒక్కటే విప్పారింది. బరువు 1,240 గ్రాముల నుంచి 1,090కి దిగింది, అంటే అచ్చు మీంచి తీసేటప్పటికి లోపల ఇంకా 150 గ్రాముల నీళ్లున్నాయన్నమాట, పైన తడితే అట్టముక్కలా టకటకమంటున్నా సరే.

మొదట తడినే అనుమానించాను. అచ్చు వైపు పాలిథిన్ ఉంది కాబట్టి లోపలి పొర ఆలస్యంగా ఆరుతుంది, నిజమే. కానీ లోపలి వైపు తర్వాత ఆరి కుంచించుకుంటే వీపు ఇంకా ముడుచుకోవాలి కదా, విచ్చుకోవడమేమిటి? బరువు వల్లా కాదు, నిలబెట్టినా విచ్చుకుంది, బోర్లా పెట్టినా విచ్చుకుంది. ఇక మిగిలింది నార మొండితనం. జనపనార పోగు బిరుసు, వంచితే మళ్లీ నిటారు కావాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచాల్సిన పీవీఏ పూర్తిగా ఆరాక కూడా రాయిలా ఉండదు, 30–40 డిగ్రీల దగ్గరే మెత్తబడే రకం, తడి ఉంటే అంతకంటే ముందే. నిరంతరం ఒత్తిడి ఉంటే మెల్లగా జారుతూనే ఉంటుంది. గట్టిగా అతికించే జిగురు వేరు, వంపుని గట్టిగా పట్టి ఉంచే జిగురు వేరు.

నమ్మకం కుదరక 11 సెం.మీ. పైపు మీద చిన్న ముక్కలు అరవృత్తంగా ఆరబెట్టి చూశాను. పీవీఏతో పడుగు వెంట కోసిన ముక్క నోరు 14 దాకా తెరుచుకుంది. అదే జిగురుతో క్రాస్‌గా, అంటే పోగులకి ఏటవాలుగా కోసింది 12.2 దగ్గర ఆగింది. చిక్కటి గంజి పట్టించింది 11.5, కానీ కాస్త నొక్కగానే పటుక్కుమంది. గోల్డెన్ కంపెనీ వాళ్ల జీఏసీ 400 (గుడ్డని బిరుసుగా చేసే ఆక్రిలిక్ ద్రవం) పల్చటి నూలుగుడ్డకి చాలా ఇష్టంగా వాడతాను, గోనె కన్నాలకి మాత్రం అలాంటి పల్చటి ద్రవం ఏదైనా దండగే. ఇంకో తేడా కడిగిన గుడ్డతో వచ్చింది. జనపనారని వడికేటప్పుడు నూనె పట్టిస్తారు, ఆ వాసనే మనకి కొత్త గోనెసంచిలో కొట్టేది. ఆ నూనె ఉన్నంతసేపు నీళ్ల జిగురు పోగు లోపలికి దిగదు. వేడినీళ్లలో వాషింగ్ సోడా వేసి నానబెట్టి ఉతికిన ముక్కలన్నీ మెరుగ్గా నిలిచాయి.

అయితే అసలు సంగతి భుజాలు చెప్పాయి. అక్కడా అదే గుడ్డ, అదే జిగురు, కానీ వంపు రెండు వైపులా ఉంది, అందుకే కదల్లేదు. అడుగున ఒకవైపే వంపు, ఆపేది ఏమీ లేదు. అబకనోవిచ్ వీపుల మీది ముడతలు చర్మం కోసమే అనుకునేవాణ్ణి, ఇప్పుడు మాత్రం వాటిలో సగం దూలాల పని చేస్తున్నాయని నా ఊహ. మడత పెట్టిన చోట మందం పెరుగుతుంది, ఆ మడత వంపుకి అడ్డంగా కాక వంపు వెంబడే పోతే అది విచ్చుకోనివ్వదు. వెన్ను వెంట నిలువుగా ఎన్ని ముడతలు పెట్టినా చూడ్డానికి బాగుంటాయేగానీ ఈ పనికి రావు.

నిన్న దించినదానికి అడుగు అంచు 4 సెం.మీ. లోపలికి మడిచి, నడుము చుట్టూ అడ్డంగా మూడు కుచ్చెళ్లు పెట్టాను. ఇవాళ పొద్దున 40 కాస్తా 43 అయింది. 46 కంటే నయమే, కానీ ఇంకా కదులుతోంది, కుడివైపు ఎడమ కంటే ఎక్కువ. కుడివైపు మధ్య పొరలో అతుకు ఉంది, అనుమానం దాని మీదే.

మిగతా పనులు: ప్రైమింగ్ (అడుగుపూత) లేని కాన్వాస్ మీద పల్చటి రంగు ఇంకించిన బొమ్మ మచ్చ కట్టకుండా ఆరింది, సంతోషం. అమెరికన్ చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెంథాలర్ 1952లో ‘మౌంటెన్స్ అండ్ సీ’కి టర్పెంటైన్‌తో పల్చన చేసిన ఆయిల్ రంగు వాడారు, ఆయిల్ నేరుగా ఇంకితే బట్ట మెల్లగా పాడవుతుంది, అదే పని ఆక్రిలిక్‌తో చేస్తే బట్ట కుళ్లుతుందన్న టెన్షన్ లేదు.

తర్వాతి వీపుకి మూడు పొరలూ ఉతికిన గుడ్డే, మధ్య పొర క్రాస్‌గా, అతుకు లేకుండా. లోపలి పొరకి గంజి, బయటి రెండిటికీ నీళ్లు తగ్గించిన పీవీఏ, 48 గంటల లెక్క మానేసి బరువు దిగడం ఆగేదాకా అచ్చు మీదే. అచ్చుతో సహా తూచడానికి పెద్ద తూకం కావాలి, ప్లాస్టర్ అచ్చు ఎత్తాలంటేనే నడుం పట్టేస్తోంది. అది కూడా విచ్చుకుంటే అచ్చుల జోలి కొన్నాళ్లు మానేసి మన దేశపు శిల్పి మృణాళినీ ముఖర్జీ దారిలో రంగు అద్దిన నార తాళ్లు ముడివేస్తూ పోతాను. అక్కడ జిగురుతో పని లేదు, ఆకారం ముడులతోనే వస్తుంది. తాడు రంగులో వేసి ఉంచాను కూడా.