క్రాకోవ్‌లో ఒక్క పైసా పంచాయితీ

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ (ప్రోగ్రామును గణితంలోని ఫంక్షన్లలా రాసే పద్ధతి) కాన్ఫరెన్స్ అనగానే మా ఆఫీసులో అందరి ఊహా ఒకటే, గడ్డాల ప్రొఫెసర్లు మోనాడ్లనే గణిత భావనల గురించి గంటలు గంటలు మాట్లాడతారని. కొంత నిజమే. కానీ 2014 నుంచి పోలెండ్‌లోని క్రాకోవ్‌లో జరుగుతున్న లాంబ్డా డేస్‌కి ప్రొఫెసర్లతో పాటు పొద్దున లేస్తే బిల్లింగ్ బగ్గులతో కుస్తీ పట్టేవాళ్లూ వస్తారు. నేను రెండో రకం. ఆ ధైర్యంతోనే ప్రపోజల్ పంపాను, తీసుకున్నారు.

హైదరాబాద్ నుంచి దోహా, అక్కణ్ణుంచి వార్సా, ఆపైన రైల్లో రెండున్నర గంటలు. వీసా చేతికొచ్చేదాకా పడ్డ టెన్షన్ సంగతి వదిలేద్దాం. మే నెలాఖరు కావడంతో రాత్రి ఎనిమిదిన్నరకి కూడా ఇంకా వెలుతురుంది, బ్యాగు హోటల్లో పడేసి పాత ఊరి చౌక్‌కి వెళ్లాను. సెయింట్ మేరీ చర్చి గోపురం మీంచి గంట గంటకీ ఒకాయన నాలుగు దిక్కులకీ బాకా ఊదుతాడు, ప్రతిసారీ మధ్యలో ఠక్కున ఆపేస్తాడు. పూర్వం తాతార్లు దండెత్తినప్పుడు హెచ్చరిక ఊదుతున్నవాడి గొంతులో బాణం దిగిందని, అందుకే అక్కడ ఆపుతారని కథ. మర్నాడు కాఫీ దగ్గర ఈ మాట వస్తే ఒకాయన తాపీగా "టైమౌట్" అన్నాడు. ఎలాంటి జనం మధ్యకి వచ్చానో అప్పుడు అర్థమైంది.

నా టాక్ క్విక్‌చెక్ తరహా టెస్టింగ్ మీద. 2000లో స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూజ్ తెచ్చిన పద్ధతి ఇది. మామూలు టెస్టులో ఒక్కో ఉదాహరణా మనమే రాయాలి. ఇక్కడ ఎప్పుడూ నిజం కావాల్సిన నియమం ఒకటి రాస్తే చాలు, ఇన్‌పుట్లు అదే పుట్టిస్తుంది. ఎక్కడైనా నియమం తప్పితే ఆ ఇన్‌పుట్‌ను కత్తిరించుకుంటూ పోయి చిన్న ఉదాహరణ చేతిలో పెడుతుంది, నాకు ప్రాణం ఆ కత్తిరింపే. నేను తీసుకున్న ఉదాహరణ బిల్లు పంచడం. వంద రూపాయలు ముగ్గురికి పంచితే తలా 33.33, మొత్తం 99.99, మరి ఆ పైసా ఏమైంది? మా నియమం, వాటాలన్నీ కలిపితే అసలు బిల్లు రావాలి. 84,317 రూపాయల 29 పైసలు 23 మందికి పంచే దగ్గర తప్పు దొరికినా, చివరికి స్క్రీన్ మీద కనిపించేది "ఒక్క పైసా, ఇద్దరు మనుషులు". హాల్లో నవ్వులు వినిపించాయి.

అసలు మజా ప్రశ్నల్లో. రెండో వరుసలోంచి ఒక పెద్దావిడ "పేర్ల వరుస మారిస్తే వాటాలు మారతాయా?" అన్నారు. మారతాయి, మిగిలిన పైసా జాబితాలో ముందున్నవాడి మీద పడుతుంది. కస్టమర్ ఐడీ ప్రకారం సార్ట్ చేస్తే వరుస గొడవ ఉండదు కానీ పాత కస్టమరే ప్రతిసారీ పైసా ఎక్కువ కట్టాలి. రాండమ్‌గా ఎవరో ఒకరికి వేద్దామని ఎవరో అన్నారో లేదో, అదే ఇన్‌పుట్‌కి రెండుసార్లు రెండు జవాబులొచ్చేది ఫంక్షనే కాదంటూ వెనక వరుసలు లేచాయి! టైమైపోయి మమ్మల్ని బయటికి పంపినా కారిడార్లో పంచాయితీ ఆగలేదు. బిల్లు నంబరునీ ఐడీనీ కలిపి హ్యాష్ చేసి (అంటే ఒక సూత్రంతో వాటిని కలగాపులగం చేసి ఒక సంఖ్య పుట్టించి), ఎవరిది చిన్నదొస్తే వాళ్లకి ఆ పైసా వెయ్యి, అన్నాడు ఎర్లాంగ్ అనే ఫంక్షనల్ భాషలో పనిచేసే ఒక కుర్రాడు. వరుస మారినా జవాబు మారదు, భారమూ ఒకరి మీదే పడదు. నా ఇరవై స్లైడ్ల కంటే ఆ ఒక్క మాట విలువైనది.

రాత్రి క్రాకోవ్‌లోనే కజిమియెజ్ అనే పేటలో పియెరోగి తిన్నాం, కజ్జికాయ ఆకారంలో ఉండి లోపల ఆలుగడ్డ, తెల్ల చీజ్. శాకాహారులు పైన పందికొవ్వు వెయ్యొద్దని ముందే చెప్పుకోవాలి.

అక్కడే, వ్రోత్స్వాఫ్ అనే మరో పోలిష్ ఊళ్లో మాస్టర్స్ చేస్తున్న మన ఖమ్మం కుర్రాడు తగిలాడు. "అన్నా, ఎర్లాంగ్ నేర్చుకుంటే మన దగ్గర ఉద్యోగాలుంటాయా?" అని సూటిగా అడిగాడు. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి వాట్సాప్‌ని 45 కోట్ల మంది వాడుతుంటే ఇంజనీర్లు కొన్ని పదుల మందే, వెనక నడిచింది ఎర్లాంగే, అని గొప్పగా చెప్పబోయి ఆగాను. హైదరాబాద్‌లో జావా ఉద్యోగాలు వంద కనిపించే చోట ఇది ఒకటి కనిపిస్తే ఎక్కువ. అదే చెప్పాను. జావా వదలొద్దు, ఈ నియమాలు రాసే టెస్టింగ్ మాత్రం అందులోనూ చెయ్యొచ్చు, రేపటి నుంచే మొదలుపెట్టు, అన్నాను. "ఇంటర్వ్యూలో అడుగుతారా అన్నా?" అన్నాడు. అడగరు తమ్ముడూ, నువ్వే ఆ మాట ఎత్తాలి.