జెనరిక్స్‌లో స్టాటిక్ మెథడ్: మార్కు పోయేది ఎక్కడంటే

ఫ్రెండ్స్, మన నోట్సుల్లో జెనరిక్స్ (ఏ టైపుకైనా పనికొచ్చేలా రాసే కోడ్) ఒకచోట, స్టాటిక్ (ఆబ్జెక్టుకి కాక క్లాసుకే చెందినది) ఇంకోచోట ఉంటాయి. పేపర్ సెట్ చేసేవాళ్లు రెండిటినీ ఒకే ప్రశ్నలో కలిపేస్తారు. ఈ టాపిక్‌కి రెండు పూటలు చాలు. చదువుతూ కూర్చోకుండా కంపైల్ చేసి చూడండి.

ముందు జావా. జంతువు అనే క్లాసు, దాన్ని ఎక్స్‌టెండ్ చేసిన కుక్క. రెండిట్లోనూ పేరు() అనే స్టాటిక్ మెథడ్, దేని పేరు అది ప్రింట్ చేస్తుంది. 'టీ ఎక్స్‌టెండ్స్ జంతువు' (టీ అంటే టైపు పారామీటర్, అది జంతువు గానీ దాని సబ్‌క్లాసు గానీ కావాలి) అని జెనరిక్ మెథడ్ పెట్టి, లోపల టీ.పేరు() రాస్తే కంపైలే కాదు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అదే టీ టైపులో ఎక్స్ అనే పారామీటర్ తీసుకుని ఎక్స్.పేరు() అంటే కంపైల్ అవుతుంది. కుక్క ఆబ్జెక్ట్ పంపినా 'జంతువు' అనే వస్తుంది. నల్ పంపినా అదే, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ రాదు. ఆప్షన్లలో ఎక్సెప్షన్ కనబడగానే తొందరపడి టిక్ పెట్టేది ఇక్కడే.

ఇలా ఎందుకంటే, 'ఎరేజర్ (కంపైల్ చేసేటప్పుడు టీని చెరిపేసి దాని హద్దు టైపుని పెట్టడం) వల్ల' అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. పేరు() స్టాటిక్ కాకపోతే, అదే ఎరేజర్ ఉన్నా కుక్కలోదే నడుస్తుంది కదా! స్టాటిక్ కాల్ ఎక్కడికి పోవాలో కంపైల్ టైమ్‌లోనే తేలిపోతుంది. అప్పటికి ఎక్స్ గురించి తెలిసింది దాని బౌండ్ (టీకి పెట్టిన హద్దు) జంతువు అని మాత్రమే. నమ్మకం కుదరకపోతే జావాపీకి (కంపైలైన బైట్‌కోడ్ చూపే టూల్) మైనస్ సీ ఇచ్చి చూడండి, ఇన్వోక్‌స్టాటిక్ (స్టాటిక్ కాల్ ఇన్‌స్ట్రక్షన్) పక్కన జంతువు కనబడుతుంది. కుక్కలో ఉన్నది ఓవర్‌రైడింగ్ (పై క్లాసు మెథడ్ బదులు ఇది నడవడం) కాదు, హైడింగ్ (అదే పేరుతో దాన్ని మరుగు చేయడం మాత్రమే).

జావాలో దీనికి దారి, మెథడ్‌నే పంపడం. పేరు() ఏదైనా రిటర్న్ చేస్తే సప్లయర్ (విలువ ఇచ్చే మెథడ్‌ని పట్టుకునే ఇంటర్‌ఫేస్), వాయిడ్ అయితే రన్నబుల్ (ఏమీ ఇవ్వని మెథడ్‌కి) పారామీటర్ పెట్టి, పిలిచేచోట కుక్క::పేరు ఇవ్వాలి.

యూజీసీ నెట్‌కి చదివేవాళ్లకి సిలబస్‌లో సీ++ టెంప్లేట్లు (జెనరిక్స్ లాంటివే) ఉన్నాయి. అక్కడ టీ::పేరు() హాయిగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రతి టైపుకీ కోడ్ విడిగా తయారవుతుంది. ఆ మెథడ్ లేని టైపు ఇస్తేనే, ఆ ఇన్‌స్టాన్షియేషన్ (ఆ టైపుకి కోడ్ తయారవడం) దగ్గర ఎర్రర్. సీ షార్ప్‌లో మాత్రం వెర్షన్ చూసుకోవాలి. 2022లో వచ్చిన సీ షార్ప్ 11 నుంచి, ఇంటర్‌ఫేస్‌లో పేరు()ని స్టాటిక్ అబ్‌స్ట్రాక్ట్ (బాడీ లేని స్టాటిక్) అని పెట్టి, టీ ఆ ఇంటర్‌ఫేస్‌ని పాటించాలని కన్‌స్ట్రెయింట్ (షరతు) ఇస్తే టీ.పేరు() కుదురుతుంది. పాత మెటీరియల్లో 'కుదరదు' అనే ఉంటుంది.

ఇంకొక్కటి, స్టాటిక్ కౌంటర్ ప్రశ్న. కన్‌స్ట్రక్టర్లో కౌంటర్ పెంచే బాక్స్ అనే జెనరిక్ క్లాసుకి స్ట్రింగ్‌తో 2, ఇంటీజర్‌తో 3 ఆబ్జెక్టులు చేస్తే, జావాలో క్లాసు ఒక్కటే కాబట్టి కౌంటర్ 5. సీ++, సీ షార్ప్‌లలో ప్రతి టైపుకీ వేరే కౌంటర్, అందుకే స్ట్రింగ్ బాక్స్‌ది 2, ఇంటీజర్ బాక్స్‌ది 3.