మా ఆడపిల్లల క్రికెట్ నెట్స్ కోసం నాలుగేళ్లు

మా ఊరు సూర్యాపేట జిల్లాలో, హుజూర్‌నగర్ వైపు. చుట్టూ వరి పొలాలు, కాస్త దూరం పోతే సున్నపురాయి గనులు, సిమెంట్ ఫ్యాక్టరీలు. నాకు సెంటర్‌లో ఎరువుల షాపు ఉంది. సాయంత్రం నాలుగున్నరకి షాపు మా తమ్ముడికి అప్పజెప్పి హైస్కూల్ గ్రౌండ్‌కి పోతాను. అక్కడ పద్దెనిమిది మంది ఆడపిల్లలు క్రికెట్ ఆడతారు.

2021లో మా అన్న కూతుర్ని సెలక్షన్స్‌కి తీసుకెళ్లాను. ఊళ్లో టెన్నిస్ బాల్‌తో దాన్ని ఔట్ చేయడం మగపిల్లల వల్ల కూడా అయ్యేది కాదు. అక్కడేమో మ్యాట్ మీద లెదర్ బాల్. రెండో బాల్ షార్ట్ పడి పక్కటెముకల మీదికి లేచింది. పిల్ల వెనక్కి జరిగింది. ఆ తర్వాతి బాల్‌కి వికెట్లు పోయాయి. దాని చేతులకున్న గ్లవ్స్ నావి. వేళ్ల చివర అంగుళం ఖాళీ, జారిపోకుండా మణికట్టు దగ్గర రబ్బర్ బ్యాండ్ చుట్టుకుంది. తిరుగు బస్సులో "బాల్ అంత ఎత్తు లేస్తదని నాకు తెల్వదు బాబాయ్" అంది. ఇల్లు చేరేదాకా ఇంకో మాట లేదు.

తప్పు పిల్లది కాదు. మట్టి మీద లెదర్ బాల్ ఆడితే ఎటు లేస్తుందో చెప్పలేం, దెబ్బలు తగులుతాయి. నెట్స్ లేకపోతే సగం టైమ్ బాల్ వెతకడానికే పోతుంది. మా గ్రౌండ్ పక్కనే మడి. బాల్ ఒకసారి ఆ నీళ్లలో పడిందంటే ఉబ్బిపోతుంది, ఇక ఆటకి పనికిరాదు. సిమెంట్ బెడ్, దాని మీద కొబ్బరి పీచు మ్యాట్, చుట్టూ నెట్స్, ఆడపిల్లల సైజు కిట్లు రెండు మూడు కావాలి. అన్నీ కలిపి లెక్క వేస్తే మూడున్నర లక్షలు తేలింది. చందాలతో అయ్యే పని కాదు.

మొదట అందరూ చెప్పే దారులన్నీ తొక్కాను. ఖేలో ఇండియా గేమ్స్‌లో క్రికెట్ లేదు, కాబట్టి అటు ఆశ పెట్టుకోలేదు. ఎంపీ నిధులకి అర్జీ పెట్టాను, నెలలు గడిచినా కదల్లేదు. ఒకాయన వచ్చి ఫండ్ ఇప్పిస్తాను, అందులో పది శాతం నాకివ్వండి అన్నాడు. దండం పెట్టి పంపించాను. కష్టపడి తెచ్చే డబ్బులో పిల్లల గ్లవ్స్ వాటా ఇంకొకరికి ఎందుకు పోవాలి?

అసలు దారి చూపించింది మా షాపు లెక్కలు చూసే ఆడిటర్ గారు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. దీన్నే సీఎస్ఆర్ అంటారు. ఏయే పనులకి పెట్టొచ్చో ఏడో షెడ్యూల్‌లో రాసుంది. గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ అందులో ఉన్నాయి. కంపెనీ తాను పని చేసే చుట్టుపక్కల ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఆయన ఆ లైన్ కింద పెన్సిల్‌తో గీత గీసి, "ఫ్యాక్టరీ మీ ఊరికి పన్నెండు కిలోమీటర్లు. హైదరాబాద్ ఎందుకు తిరుగుతున్నావ్?" అన్నారు.

మర్నాడే తెల్ల కాగితం మీద అర్జీ రాసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. సీఎస్ఆర్ చూసే మేడమ్ మర్యాదగా కూర్చోబెట్టి మొత్తం చదివారు. చదివాక అడిగిన మొదటి ప్రశ్న, "డబ్బు ఎవరి పేరు మీద ఇవ్వాలి సార్?" నా దగ్గర జవాబు లేదు. మాది పేరుకే యూత్. రిజిస్ట్రేషన్ లేదు, పాన్ లేదు, బ్యాంకు ఖాతా లేదు. పద్దెనిమిది మంది పిల్లలు రోజూ ఆడుతున్నా, కాగితం మీద మేము లేనే లేము. ఆ రోజు బండి మీద ఇంటికొస్తుంటే కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

2022 మొదట్లో సొసైటీ రిజిస్టర్ చేశాం. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. మా ఏడుగురిలో ముగ్గురు పిల్లల తల్లులే. నేను పట్టుబట్టి వాళ్లని పెట్టించాను, ఆ నిర్ణయం తర్వాత చాలా మేలు చేసింది. బైలాస్‌లో, అంటే సొసైటీ నియమావళిలో, ఒక క్లాజు మాత్రం ఆడిటర్ గారు దగ్గరుండి రాయించారు: సొసైటీ మూతపడితే ఆస్తులు సభ్యులు పంచుకోకూడదు, ఇలాంటి పనే చేసే ఇంకో సంస్థకి పోవాలి. ఇది లేకుండా ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల 12ఏ రిజిస్ట్రేషన్, అంటే సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు, కష్టమన్నారు. తర్వాత పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా, 12ఏ, విరాళం ఇచ్చేవాళ్లకి పన్ను తగ్గింపు వచ్చే 80జీ. వీటికే ఏడాది దాకా పట్టింది.

అన్నీ పట్టుకుని వెళ్తే ఇంకో అడ్డం. సీఎస్ఆర్ పని చేయించే సొసైటీకి అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలని రూల్. కంపెనీ వాళ్లు మూడేళ్ల ఆడిటెడ్ లెక్కలు చూపించమన్నారు. మా దగ్గర ఒక్క ఏడాదివి కూడా పూర్తిగా లేవు. పైగా మేము వెళ్లింది ఫిబ్రవరిలో. ఆ ఏడాది ప్లాన్ ఎప్పుడో ఖరారైపోయింది.

నా ముఖం చూసి మేడమ్ ఒక మాట చెప్పారు. ఇలాంటి ప్రయత్నంలో ఉన్న ప్రతి క్లబ్బుకీ ఆ మాట తెలియాలి. కంపెనీ డబ్బు సంస్థకే ఇవ్వాలని లేదు, పని తనే నేరుగా చేయించొచ్చు. అంటే కాంట్రాక్టర్‌కి, సామాను షాపుకి బిల్లు వాళ్లే కడతారు. మా ఖాతాలోకి రూపాయి రాదు, కానీ పిచ్ వస్తుంది. మూడేళ్ల లెక్కలతో పని లేదు. "ఏప్రిల్‌లో రండి. భూమి కాగితం, మూడు కొటేషన్లు తీసుకురండి" అన్నారు.

భూమి కాగితం దగ్గరే ఎక్కువ తిరిగాం. గ్రౌండ్ జిల్లా పరిషత్ హైస్కూల్‌ది. స్కూల్ కమిటీ తీర్మానం, హెడ్మాస్టర్ గారి లెటర్, పై ఆఫీసు అనుమతి, గ్రామ పంచాయతీ తీర్మానం కావాలి. ఒక ఆఫీసులో మా ఫైల్ ఆరు వారాలు టేబుల్ మీదే ఉంది. నేను నాలుగుసార్లు వెళ్లినా కదల్లేదు. ఐదోసారి కమిటీలోని ఇద్దరు తల్లులు కూలికి సెలవు పెట్టి నాతో వచ్చారు. "మా పిల్లలు ఆడుకునే జాగా సార్ అది" అని చెప్పి సంతకం అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. మధ్యాహ్నం రెండింటికి లెటర్ చేతికొచ్చింది.

ప్రపోజల్‌లో ఒక తప్పు రాశాను, అది మేడమ్ దిద్దారు. కృతజ్ఞతగా పిల్లల టీషర్టుల మీద కంపెనీ పేరు వేస్తామని రాశాను. ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ లెక్కలోకి రాదట. ఆ లైన్ కొట్టేసి, దాని బదులు ఎంతమంది పిల్లలు, ఏ వయసు, వారానికి ఎన్ని రోజులు, ఎవరు నేర్పుతారు, మ్యాట్ పాడైతే ఎవరు మార్పిస్తారు అని రాయించారు. చివరి ప్రశ్నకి జవాబు రాయడానికి కమిటీ అంతా ఒక రాత్రి కూర్చున్నాం. ఇంటికి నెలకి ముప్పై రూపాయలు పక్కన పెడదామని తేల్చుకున్నాం.

2023 నవంబర్‌లో కాంక్రీట్ పోశారు. క్యూరింగ్‌కి గోనె సంచులు పరిచి, పొద్దున స్కూల్‌కి వెళ్లేముందు, సాయంత్రం వచ్చాక పిల్లలే బిందెలతో నీళ్లు పోశారు. ఒక్కరోజు కూడా మానలేదు. మ్యాట్ వచ్చిన రోజు చుట్ట విప్పి, నలుగురు నాలుగు మూలలా పట్టుకుని బిగుతుగా లాగి కొక్కేలకి తగిలించాం. మా అన్న కూతురు తన చేతికి సరిపోయిన గ్లవ్స్ వేసుకుని మొదటి బాల్ ఆడింది. షార్ట్ వేయమని నాకు చెప్పి మరీ ఆడింది. బాల్ ఛాతీ ఎత్తు లేచింది. ఈసారి పిల్ల వెనక్కి జరగలేదు, వేళ్ల మీద లేచి బాల్‌ని కాళ్ల ముందుకి అణిచింది.

ఆ రోజు నుంచి హాజరు రిజిస్టర్ పెట్టాం. తేదీతో ఫోటోలు, ప్రతి కొనుగోలుకీ జీఎస్టీ బిల్లు, ఏడాది చివర ఆడిట్. ఇదంతా అప్పుడు విసుగే. తర్వాత మూడేళ్ల అనుభవం చూపించడానికి మాత్రం సొసైటీ లెక్కలతో పాటు ఆ రిజిస్టర్ కూడా పనికొచ్చింది. 2025 ఫిబ్రవరిలో ముగిసిన అమ్మాయిల అండర్-19 టీ20 వరల్డ్ కప్‌లో మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయ్యాక మా రిజిస్టర్‌లో పేర్లు ముప్పై ఒకటి అయ్యాయి.

ఆ ఏడాదే మా సొసైటీ సీఎస్ఆర్-1 ఫారం వేసింది. కంపెనీల నుంచి ఈ నిధులు తీసుకునే సంస్థలకి 2021 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. డిజిటల్ సంతకం, సీఏ ధ్రువీకరణ ఉంటే ఆన్‌లైన్‌లోనే నంబర్ వస్తుంది. ఈసారి అడిగింది కోచ్ జీతం, బాల్స్ ఖర్చు. 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉందని ప్రపోజల్ మొదటి పేజీలోనే రాశాం. రెండు విడతలుగా ఇస్తామని ఒప్పుకున్నారు. మొదటి విడత ఖర్చుకి సీఏ సంతకంతో వినియోగ ధ్రువపత్రం ఇస్తేనే రెండోది. ఇచ్చాం, వచ్చింది.

ఇప్పుడు మూడో ప్రపోజల్ రాస్తున్నాను. సాయంత్రం ఐదు దాటితే స్కూల్ టాయిలెట్లకి తాళం పడుతుంది. పెద్ద పిల్లలు నలుగురు ఆ కారణంగానే మధ్యలో ఇంటికి పోతున్నారని కమిటీలోని తల్లులు చెప్పేదాకా నాకు తట్టలేదు. గ్రౌండ్ పక్కనే ఒక టాయిలెట్, బట్టలు మార్చుకునే చిన్న గది. కొటేషన్లు రెండు వచ్చాయి, మూడోది సోమవారం ఇస్తానన్నాడు మేస్త్రీ.