పూలబ్బాయి ఏమయ్యాడు?

రాత్రి అమ్మతో కూర్చుని, కల్కి రాసిన తమిళ నవల ఆధారంగా తీసిన 'పొన్నియిన్ సెల్వన్' సినిమా రెండో భాగం చూశాను. చోళరాజుగా మధురాంతకుడికి పట్టం కట్టగానే అమ్మ నా వైపు తిరిగి, "మరి ఆ పూలబ్బాయి ఏమయ్యాడే?" అంది.

(నవల చదవబోయేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.)

నిరుడు అమ్మకి కంటి ఆపరేషన్ అయినప్పుడు, ఎంవీపీ కాలనీలో మా బాల్కనీలో కూర్చుని ఆ నవల తెలుగు అనువాదం రోజూ చదివి వినిపించాను. పేజీ గుర్తుకి సిటీ బస్ టికెట్ పెట్టుకునేదాన్ని. సేందన్ అముదన్ వస్తే చాలు, అమ్మ బియ్యం ఏరడం కూడా ఆపేసేది. గుడికి పూలదండలు ఇచ్చుకుంటూ, మూగ తల్లిని చూసుకుంటూ బతికే కుర్రాడు. చివర్లో తెలుస్తుంది, చోళ రాణి సెంబియన్ మహాదేవి కన్నకొడుకు మధురాంతకుడు కాదు, అతనేనని, పురిట్లోనే బిడ్డలు మారిపోయారని. అరుళ్‌మొళి అనే యువరాజు తనకి దక్కాల్సిన కిరీటం పెట్టేది అతని తలమీద. ఆ రాత్రి అమ్మ ఏడ్చేసింది.

సినిమాలో ఆ కథే లేదు. కల్కి 1950 నుంచి 1954 దాకా వారం వారం రాసిన అయిదు భాగాల్ని అయిదున్నర గంటల్లో చెప్పాలంటే కోతలు తప్పవు, ఒప్పుకుంటాను. చోళులపై పగబట్టిన నందిని బాధకి మాత్రం బాగానే చోటిచ్చారు. కానీ అముదన్ గతం తీసేశాక అరుళ్‌మొళి త్యాగం బరువు తగ్గిపోయింది. రాజ్యం ఇచ్చేశాడు, సరే. ఎవరికి ఇచ్చాడన్నది కదా అసలు కథ!

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తున్నా అమ్మది అదే మాట. ఇంటికి రాగానే అయిదో భాగం తీశాను. టికెట్ ఇంకా అందులోనే ఉంది.